కుంగుబాటు మందుల ఆర్థిక భారం

కుంగుబాటు మందుల ఆర్థిక భారం అనగా మానసిక కుంగుబాటుకు వాడే మందుల చికిత్స కారణంగా రోగి, అతని కుటుంబం, యజమాని, బీమా సంస్థ, ప్రభుత్వం భరించే మొత్తం వ్యయం. వాడుకలో డిప్రెషన్ అని పిలిచే ఈ వ్యాధికి ఇచ్చే మందులను యాంటీడిప్రెసెంట్లు అంటారు. 2001 తరువాత పేటెంట్ల గడువు ఒక్కొక్కటిగా ముగియడంతో ఈ మాత్రలలో చాలావాటి ధర బాగా తగ్గింది. అయితే చికిత్స భారం అదే నిష్పత్తిలో తగ్గలేదు. వైద్యుని వద్దకు చేరడానికి అయ్యే ఖర్చు, పోయిన పనిదినాలు, నెలల తరబడి చికిత్స కొనసాగించవలసి రావడం అనే మూడు అంశాలు ఈ భారంలో ప్రధానమైనవి. ఇవి సమాజంలోని అన్ని వర్గాలపై ఒకే విధంగా పడవు. మందుల వాడకం తక్కువగా ఉన్న వర్గానికి వ్యాధి వలన కలిగే నష్టం కూడా తక్కువని భావించడం సరికాదు.

వ్యయంలోని భాగాలు

ఆరోగ్య అర్థశాస్త్రంలో ఒక వ్యాధి వలన కలిగే వ్యయాన్ని సాధారణంగా మూడు భాగాలుగా విభజిస్తారు.

ప్రత్యక్ష వైద్య వ్యయం: మందుల ధర, వైద్యుని రుసుము, పరీక్షలు, ఆసుపత్రి ఖర్చులు.

ప్రత్యక్ష వైద్యేతర వ్యయం: ప్రయాణ ఖర్చులు, బస, తోడుగా వచ్చిన వారి ఖర్చులు.

పరోక్ష వ్యయం: పనికి వెళ్ళలేకపోవడం వలన పోయిన ఆదాయం, పనికి వెళ్ళినా సామర్థ్యం తగ్గడం, ఉద్యోగం కోల్పోవడం, అకాల మరణం వలన కలిగే నష్టం.

ఈ మందుల స్వభావం కూడా వ్యయాన్ని ప్రభావితం చేస్తుంది. జ్వరం మాత్ర వలె ఇవి వెంటనే పనిచేయవు. గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. వికారం, నిద్రలో మార్పు వంటి దుష్ఫలితాలు మాత్రం తొలి రోజులలోనే కనిపించవచ్చు. లక్షణాలు తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించాలని వైద్యులు సూచిస్తారు. అనగా ఖర్చు మొదటి రోజు నుండే ఉంటుంది, ప్రయోజనం తరువాత వస్తుంది. చేతిలో నిల్వ డబ్బు ఉన్న కుటుంబం ఈ వ్యవధిని దాటగలదు. రోజు కూలితో గడిచే కుటుంబానికి ఇది కష్టం. అందువలన చికిత్స మధ్యలో ఆగిపోతే అప్పటివరకు చేసిన ఖర్చు కూడా చాలావరకు వృథా అవుతుంది.

ధరల చరిత్ర

ఈ మందుల చరిత్ర 1950వ దశకంలో మొదలైంది. క్షయ వ్యాధికి ప్రయోగించిన ఐప్రోనియాజిడ్ రోగుల మనఃస్థితిని మెరుగుపరుస్తున్నట్లు ఆ దశకం తొలి సంవత్సరాలలో గమనించారు. స్విట్జర్లాండుకు చెందిన మానసిక వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అనే మందు కుంగుబాటుపై పనిచేస్తుందని 1957లో ప్రకటించాడు. ఇమిప్రమిన్, అమిట్రిప్టిలిన్ వంటి ఈ తరం మందులను ట్రైసైక్లిక్ మందులు అంటారు. ఇవి చవక. కాని నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మగత వంటి ఇబ్బందులు ఎక్కువ. మోతాదు మించితే ప్రాణాపాయం కూడా ఉంది.

అమెరికాకు చెందిన ఎలై లిల్లీ కంపెనీ తయారుచేసిన ఫ్లూఆక్సెటిన్‌కు 1987 డిసెంబరులో ఆ దేశంలో అనుమతి లభించింది. ప్రోజాక్ అనే పేరుతో అమ్మిన ఈ మందు 1990వ దశకం చివరికి ఏటా 200 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం తెచ్చిపెట్టింది. ఇది పాత మందులకంటే ఎంతో ఖరీదైనది కావడంతో అదనపు ఖర్చుకు తగిన ఫలితం ఉన్నదా అనే చర్చ మొదలైంది. గ్రెగరీ సైమన్, సహచరులు అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో జరిపి 1996లో ప్రచురించిన పరిశోధనలో ఆసక్తికరమైన విషయం తేలింది. ఫ్లూఆక్సెటిన్‌తో చికిత్స ప్రారంభించినవారికి మందుల ఖర్చు ఎక్కువైనా, మొత్తం వైద్య వ్యయం పాత మందులు వాడినవారితో దాదాపు సమానంగానే ఉంది. మాత్ర ధర వేరు, చికిత్స వ్యయం వేరు అని ఈ పరిశోధన తెలిపింది.

2000 ఆగస్టులో అమెరికా అప్పీలు న్యాయస్థానం ప్రోజాక్‌కు సంబంధించిన ఒక పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది. ఫలితంగా 2001 ఆగస్టులో జెనెరిక్ ఫ్లూఆక్సెటిన్ మార్కెట్టులోకి వచ్చింది. ఈ ఘట్టంలో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పాత్ర ఉంది. 40 మిల్లీగ్రాముల గుళికలను 180 రోజులపాటు ఇతర జెనెరిక్ కంపెనీల పోటీ లేకుండా అమ్ముకునే హక్కు ఈ సంస్థకు లభించింది. భారతీయ కంపెనీ ఒకటి అమెరికాలో ఇటువంటి హక్కు పొందడం అదే మొదటిసారి. 2013 డిసెంబరులో డులోక్సెటిన్ అనే మరొక కుంగుబాటు మందుకు అమెరికాలో తొలి జెనెరిక్ అనుమతులు పొందిన కంపెనీలలో డాక్టర్ రెడ్డీస్‌తో పాటు హైదరాబాదుకే చెందిన అరబిందో ఫార్మా కూడా ఉంది.

భారతదేశంలో పరిస్థితి ముందునుండి వేరు. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, దాని తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చేది. కనుక ఇక్కడి కంపెనీలు వేరొక పద్ధతిలో అదే మందును తయారుచేసి తక్కువ ధరకు అమ్మగలిగాయి. 2005లో చట్టం మారి మందుకే పేటెంటు ఇచ్చే విధానం అమలులోకి వచ్చింది. అప్పటికే మార్కెట్టులో ఉన్న ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు మాత్రం చవకగానే లభిస్తూ వచ్చాయి.

కొత్తగా వచ్చిన మందుల ధరలు ఇందుకు భిన్నం. ప్రసవానంతర కుంగుబాటుకు 2023లో అమెరికాలో అనుమతి పొందిన జురానొలోన్ ధరను 14 రోజుల చికిత్సకు 15,900 డాలర్లుగా కంపెనీలు ప్రకటించాయి.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో

అమెరికా ప్రభుత్వ సర్వే ప్రకారం 2015-2018 మధ్యకాలంలో 18 ఏళ్ళు దాటినవారిలో 13.2 శాతం మంది సర్వేకు ముందు 30 రోజులలో కుంగుబాటు మందు వాడారు. వర్గాలవారీ వివరాలు ఇలా ఉన్నాయి.

స్త్రీలు: 17.7 శాతం
పురుషులు: 8.4 శాతం
60 ఏళ్ళు, ఆ పైబడిన స్త్రీలు: 24.3 శాతం
శ్వేతజాతీయులు: 16.6 శాతం
నల్లజాతీయులు: 7.8 శాతం
హిస్పానిక్ ప్రజలు: 6.5 శాతం
ఆసియా సంతతివారు: 2.8 శాతం

అక్కడ స్థిరపడిన తెలుగువారు ఈ చివరి వర్గంలో లెక్కకు వస్తారు. ఈ అంకెలు వ్యాధి ఎంత ఉన్నదో చెప్పవు, మందు ఎవరికి చేరుతున్నదో మాత్రమే చెబుతాయి. వాడకంలోని ఇంత వ్యత్యాసాన్ని వ్యాధిలోని వ్యత్యాసంతో మాత్రమే వివరించలేము. బీమా లేకపోవడం, భాష రాకపోవడం, మానసిక వ్యాధిని దాచుకోవడం, వైద్యవ్యవస్థపై నమ్మకం లేకపోవడం కూడా ఇందులో పనిచేస్తాయి.

అమెరికాలో మందు ధరలో రోగి ఎంత చెల్లిస్తాడన్నది అతని బీమాపై ఆధారపడి ఉంటుంది. 2006లో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో మందుల పథకం ప్రారంభమైంది. కుంగుబాటు మందులను అందులో ప్రత్యేక రక్షణ గల తరగతిగా చేర్చారు. అదే సంవత్సరం వాల్‌మార్ట్ దుకాణాలు కొన్ని జెనెరిక్ మందులను నెలకు నాలుగు డాలర్లకు అమ్మడం ప్రారంభించాయి. ఫ్లూఆక్సెటిన్ వాటిలో ఒకటి. కాని మందు ఇంత చవకైన కాలంలోనే, మానసిక వైద్యుని వద్దకు వెళ్ళే మెడికేర్ రోగి రుసుములో సగం తానే చెల్లించవలసి వచ్చేది. ఇతర వ్యాధులకు ఆ వాటా 20 శాతం మాత్రమే. 2008లో చేసిన చట్టం వలన ఈ వాటా క్రమంగా తగ్గి 2014 నాటికి ఇతర వ్యాధులతో సమానమైంది. ప్రైవేటు బీమాలో కూడా మానసిక, శారీరక వ్యాధుల మధ్య తేడా చూపరాదని 2008లోనే మరొక చట్టం నిర్దేశించింది.

పాల్ గ్రీన్‌బర్గ్, సహచరులు 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం తీవ్ర కుంగుబాటు ఉన్న వయోజనుల వలన అమెరికాపై పడిన మొత్తం ఆర్థిక భారం 2010లో 23,660 కోట్ల డాలర్లు కాగా 2018లో 32,620 కోట్ల డాలర్లు. 2018 లెక్కలో పనిచేసే చోట జరిగిన నష్టం 61 శాతం, వైద్య వ్యయం 35 శాతం, ఆత్మహత్యల వలన నష్టం 4 శాతం. మందుల ధర ఆ 35 శాతంలో ఒక భాగం మాత్రమే.

ఇంగ్లండులో

ఇంగ్లండులో వైద్యం ప్రభుత్వ జాతీయ ఆరోగ్య సేవ ద్వారా అందుతుంది. 2006లో అక్కడ మందుల దుకాణాల ద్వారా 3.1 కోట్ల పర్యాయాలు కుంగుబాటు మందులు ఇచ్చారు. 2016లో ఆ సంఖ్య 6.47 కోట్లకు చేరింది. అంటే పదేళ్ళలో రెట్టింపు దాటింది. 2016లో వాటి ఖర్చు సుమారు 26.7 కోట్ల పౌండ్లు, అనగా ఒక్కో పర్యాయానికి నాలుగు పౌండ్లకు కొంచెం పైన. 2015లో ఇంతకంటే తక్కువ మందులు ఇచ్చినా ఖర్చు మాత్రం ఎక్కువ, సుమారు 28.5 కోట్ల పౌండ్లు. వాడకం పెరుగుతున్నా ధరలు పడిపోవడం వలన ఇలా జరిగింది. 2022-23లో 86 లక్షల మందికి 8.6 కోట్ల పర్యాయాలు ఈ మందులు అందాయి. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు స్త్రీలు.

అమెరికాలో మందులు ఎక్కువగా చేరేది శ్వేతజాతీయులకు కాగా, ఇంగ్లండులో మందుల వాడకం సంపన్న ప్రాంతాలకంటే పేద ప్రాంతాలలో ఎక్కువ. వైద్యుని చూడడానికి రుసుము లేనిచోట పేదలకు మందు చేరుతుందనడానికి ఇది ఉదాహరణ. పేదరికంలో వ్యాధి కూడా ఎక్కువే. అయితే పేద ప్రాంతాలలో మందు ఎక్కువ కాలం కొనసాగుతుండడం కూడా గమనించారు. మాటల ద్వారా చేసే మానసిక చికిత్సకు నిరీక్షణ ఉన్నచోట మాత్ర ఒక్కటే సులభంగా దొరికే చికిత్స అవుతుందని విమర్శకులు అంటారు. అర్థశాస్త్రవేత్త రిచర్డ్ లేయర్డ్ 2006లో ఈ విషయం లేవనెత్తి, మానసిక చికిత్సను విస్తరిస్తే కోలుకున్నవారు తిరిగి పనిలో చేరడం ద్వారా ఆ ఖర్చు ప్రభుత్వానికి తిరిగి వస్తుందని వాదించాడు. 2008లో ఇంగ్లండు ప్రభుత్వం అటువంటి పథకాన్ని ప్రారంభించింది.

ఇంగ్లండులో రోగి ఒక్కొక్క మందుకు నిర్ణీత రుసుము చెల్లించాలి. 2024 మేలో ఇది 9.90 పౌండ్లు అయింది. పిల్లలు, 60 ఏళ్ళు దాటినవారు, గర్భిణులు, అల్పాదాయం గలవారిలో పలువురికి మినహాయింపు ఉంది. వేల్సులో 2007 నుండి, ఉత్తర ఐర్లండులో 2010 నుండి, స్కాట్లండులో 2011 నుండి ఈ రుసుము లేదు.

భారతదేశంలో

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. అప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు ఈ 12లో లేవు. సర్వే ప్రకారం ఆ సమయంలో కుంగుబాటుతో ఉన్నవారు వయోజనులలో 2.7 శాతం. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఆ వ్యాధికి గురైనవారు 5.2 శాతం. వ్యాధి ఉండి చికిత్స పొందనివారు దాదాపు 85 శాతం. చికిత్స పొందుతున్న కుటుంబాలు చికిత్సకు, ప్రయాణాలకు కలిపి నెలకు 1,000 నుండి 1,500 రూపాయల వరకు ఖర్చుపెడుతున్నట్లు కూడా తేలింది.

మాత్రలు చవకగా ఉన్న దేశంలో ఇది ఎలా సాధ్యమో ఒక ఊహాత్మక లెక్కతో తెలుసుకోవచ్చు. ఒక వ్యవసాయ కూలీ నెలకొకసారి పట్టణంలోని వైద్యుని వద్దకు భార్యను తోడు తీసుకొని వెళతాడనుకుందాం.

30 రోజుల మాత్రలు, రోజుకు 5 రూపాయల చొప్పున: 150 రూపాయలు
వైద్యుని రుసుము: 500 రూపాయలు
ఇద్దరి బస్సు ఛార్జీలు, రానుపోను: 200 రూపాయలు
ఇద్దరి ఒక రోజు కూలి, 500 రూపాయల చొప్పున: 1,000 రూపాయలు
మొత్తం: 1,850 రూపాయలు

ఇందులో మాత్రల వాటా సుమారు 8 శాతం. ఇదే కూలీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి మందు, వైద్యం రెండూ ఉచితంగా పొందినా 1,200 రూపాయల భారం మిగులుతుంది. ఆ రోజు ఆసుపత్రిలో మందు లేకపోతే ప్రయాణం మళ్ళీ చేయాలి. ఇదే మందు వాడే ప్రభుత్వ ఉద్యోగికి సెలవు పెట్టిన రోజు జీతం పోదు. కాబట్టి ఒకే మాత్ర ఇద్దరికీ ఒకే ధర కాదు.

వైద్యుల కొరత ఈ దూరాన్ని పెంచుతుంది. పై సర్వే ప్రకారం లక్ష జనాభాకు మానసిక వైద్యుల సంఖ్య మధ్యప్రదేశ్‌లో 0.05 కాగా, కేరళలో 1.2. తెలుగు రాష్ట్రాలలో ప్రభుత్వ రంగంలోని పెద్ద మానసిక చికిత్సాలయాలు హైదరాబాదులోని ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ఉన్నాయి. మారుమూల మండలాల నుండి అక్కడికి వెళ్ళిరావడం ఒక్క రోజుతో ముగిసే పని కాదు. ఈ సమస్యను గుర్తించి కేంద్ర ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో నిమ్‌హాన్స్ చేసిన ప్రయోగం ఆధారంగా 1996 నుండి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అమలవుతున్నది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ మొదలైంది. దీని సంఖ్య 14416.

2018 మే 29 నుండి అమలులోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ వైద్యశాలలలో ఉచిత చికిత్స పొందే హక్కు ఇచ్చింది. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకు బీమా కల్పించాలని కూడా నిర్దేశించింది. అయితే కుంగుబాటు రోగులలో అధికులు ఆసుపత్రిలో చేరకుండానే చికిత్స పొందుతారు. ఆరోగ్య బీమా పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరినవారి ఖర్చులకే వర్తిస్తాయి. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ పథకాలు కూడా ప్రధానంగా ఆసుపత్రి చికిత్సల కోసమే రూపొందాయి. ఈ కారణంగా సమానత కాగితంపై ఉన్నంతగా రోగి జేబులో కనిపించదు.

స్త్రీలు, వృద్ధులు

స్త్రీలలో కుంగుబాటు పురుషులకంటే ఎక్కువగా నమోదవుతున్నది. కాని వ్యయపు లెక్కలలో వారి నష్టం తక్కువగా కనిపిస్తుంది. పోయిన జీతాన్ని మాత్రమే నష్టంగా లెక్కిస్తే వంట, పిల్లల పెంపకం, పశువుల పోషణ వంటి జీతం లేని పనులు లెక్కలోకి రావు. తల్లి మంచం పట్టినప్పుడు బడి మానిన కూతురి నష్టం కూడా ఏ పట్టికలోనూ చేరదు. స్వంత ఆదాయం లేని స్త్రీకి మందు కొనాలా వద్దా అనే నిర్ణయం తరచు ఇతరుల చేతిలో ఉంటుంది.

వృద్ధులలో ఈ మందుల వలన రక్తంలో సోడియం తగ్గడం, తూలి పడిపోవడం వంటి ప్రమాదాలు ఎక్కువ. తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ఎన్నో సంవత్సరాల మందుల ఖర్చును మించిపోతుంది. కనుక వృద్ధుల విషయంలో మందు ఎంపిక, మోతాదు కూడా ఆర్థిక అంశాలే.

చికిత్స వలన ఆదా

ఆండ్రియా సిప్రియాని, సహచరులు 2018లో 522 ప్రయోగాలను సమీక్షించి, పరిశీలించిన 21 కుంగుబాటు మందులూ వయోజనులలో ఉత్తుత్తి మాత్రలకంటే మెరుగ్గా పనిచేస్తాయని తేల్చారు. భారతదేశంలో దీని ఆర్థిక ఫలితాన్ని గోవాలో పరిశీలించారు. విక్రమ్ పటేల్, సహచరులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో సాధారణ ఆసుపత్రులకు వచ్చిన రోగులలో కొందరికి ఫ్లూఆక్సెటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, కొందరికి మానసిక చికిత్స ఇచ్చారు. రెండు నెలల తరువాత ఫ్లూఆక్సెటిన్ వాడినవారి స్థితి ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి స్థితికంటే మెరుగ్గా ఉంది, ఖర్చుకు తగిన ఫలితం కూడా దానితోనే ఎక్కువ. తరువాత అదే రాష్ట్రంలో శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య సలహాదారులను ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో నియమించి చూడగా రోగులు త్వరగా కోలుకున్నారు, మొత్తం ఖర్చు కూడా తగ్గింది. ఇందులో మందుకంటే ముఖ్యమైనది చికిత్స ఊరికి దగ్గరగా రావడం.

కుంగుబాటు, ఆందోళన వ్యాధుల వలన ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు, లక్ష కోట్ల డాలర్ల ఉత్పాదకత నష్టమవుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 36 దేశాలపై 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం ఈ వ్యాధుల చికిత్స విస్తరణకు పెట్టే ప్రతి డాలరుకు మెరుగైన ఆరోగ్యం, పని సామర్థ్యం రూపంలో నాలుగు డాలర్లు తిరిగి వస్తాయి.

దీర్ఘకాల వాడకం

అవసరం తీరిన తరువాత కూడా మందు కొనసాగడం మరొక రకమైన ఖర్చు. ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2019 నివేదిక ప్రకారం 2017-18లో ఈ మందులు పొందిన వయోజనులు 73 లక్షల మంది కాగా, వారిలో సుమారు 9.3 లక్షల మంది కనీసం మూడేళ్ళుగా విరామం లేకుండా పొందుతున్నారు. వీరిలో కొందరికి వ్యాధి తిరగబెట్టే స్వభావం వలన దీర్ఘకాల చికిత్స అవసరమే. మరికొందరు మందు మానినప్పుడు కలిగే తలతిరుగుడు, ఆందోళన, నిద్రలేమి వంటి లక్షణాలకు భయపడి కొనసాగిస్తారు. మోతాదును వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గిస్తే ఈ బాధలు తగ్గుతాయి. అందుకు కూడా మరికొన్ని సార్లు వైద్యుని చూడవలసి ఉంటుంది. డబ్బు లేక మందును ఒక్కసారిగా ఆపేసిన రోగి ఈ లక్షణాలను, వ్యాధి తిరగబెట్టే ప్రమాదాన్ని రెండింటినీ ఎదుర్కొంటాడు.

లెక్కల పరిమితులు

వివిధ దేశాల అంకెలను నేరుగా పోల్చరాదు. ఇంగ్లండు అంకెలు దుకాణాలలో ఇచ్చిన మందులవి, అమెరికా అంకెలు ప్రజలను అడిగి తెలుసుకున్నవి, భారతదేశపు అంకెలు వ్యాధి లక్షణాల సర్వే నుండి వచ్చినవి. కుంగుబాటు మందులను నరాల నొప్పి, ఆందోళన, పార్శ్వపు నొప్పి నివారణ వంటి ఇతర అవసరాలకు కూడా వాడతారు. కాబట్టి మందుల అమ్మకాలన్నీ కుంగుబాటు ఖాతాలోకి రావు. అన్నిటికంటే ముఖ్యంగా, చికిత్సకు రానివారి పేరు ఏ మందుల లెక్కలోనూ ఉండదు. భారతదేశంలో అటువంటివారు నూటికి 85 మంది. వారు కోల్పోయిన కూలి, చేసిన అప్పు, ఆగిపోయిన పిల్లల చదువు కూడా ఈ వ్యాధి ఖర్చే.

ఇవి కూడా చూడండి

మానసిక కుంగుబాటు
మానసిక ఆరోగ్యం
జెనెరిక్ మందులు
డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్
ఆరోగ్య బీమా
ప్రాథమిక ఆరోగ్య కేంద్రం